రొయ్య తలమీది ముల్లు

"ఆ స్లైడ్స్ కొంచెం సింపుల్ చెయ్యి ఫెబీ. చెప్పేది నేను కదా," అన్నాడు కాలేబ్, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని.

ఫెబీ చేతులు రొయ్యల గిన్నెలో ఉన్నాయి. తలలతో సహా కొన్న రొయ్యలు. తల తీసినవాటితో బిర్యానీకి రుచి రాదని అత్తగారు విమలకుమారి అంటుంది. తలలు తీసేది ఆవిడ కాదు. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో వాళ్లు వెళ్లే తెలుగు చర్చిలో నెలకోసారి, మొదటి శనివారం, పురుషుల సహవాసం జరుగుతుంది. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు, అందరూ తింటారు. ఎవరు మాట్లాడితే వాళ్లింటి నుంచి భోజనం రావాలి. అది అక్కడి ఆనవాయితీ. ఈ నెల కాలేబ్ వంతు. అంశం కూడా అతనే పెట్టాడు: "సింగపూర్ సైన్యం, సంపూర్ణ రక్షణ: విశ్వాసి కుటుంబానికి పాఠాలు." ఏడేళ్లు సింగపూర్‌లో ఉండొచ్చిన మనిషి గనక చర్చిలో ఆ దేశం మీద అతనికి హక్కుంది. ఆ ఏడేళ్లలో అతను చూసింది ఆఫీసు, ఫుడ్‌కోర్టు. చదివింది ఫెబీ. రాసింది ఫెబీ. స్లైడ్స్ చేసింది ఫెబీ.

"ఏది కష్టంగా ఉంది?" అని అడిగింది.

"కష్టమని కాదు. ఎవరైనా క్వశ్చన్ అడిగితే ఆన్సర్ చెయ్యాల్సింది నేను. ఇంకోటి, ఆ బట్టలుతికే స్లైడ్ డిలీట్ చేశాను. మగవాళ్ల మీటింగ్‌లో అదెందుకు?" పెరుగు డబ్బా మూత తీసి వాసన చూసి, మళ్లీ లోపల పెట్టాడు. "ఆఁ, ఆ వాషింగ్టన్ వాళ్లకి ఇవాళ నో అని రాసెయ్. పొలైట్‌గా. వాళ్లని వెయిట్ చేయించడం బాగోదు."

రొయ్య తలమీది ముల్లు ఫెబీ బొటనవేలిలో దిగింది. చెయ్యి పైకి తీసి చూసుకుంది. చిన్న ఎర్రటి చుక్క. మళ్లీ గిన్నెలో పెట్టింది.

సింగపూర్ వెళ్లిన మొదటి ఏడాది ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఊరంతా సైరన్ మోగింది. ఫెబీ స్టవ్ ఆపి, అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లన్నీ పరుగున దిగింది. కింద బెంచీ మీద కూర్చున్న ముసలావిడ వాళ్ల వాలకం చూసి నవ్వింది. ఏమీ లేదమ్మా, ఇది ఏటా మోగుతుంది, ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్లు ఈ దీవిని జపానుకి అప్పగించి చేతులెత్తేసిన రోజిది, అదే వేళకి మోగిస్తారు, అంది. ఫెబీ అక్కడే నిలబడిపోయింది. గెలిచిన రోజులు పండగ చేసుకునే దేశాలు ఆమెకు తెలుసు. ఓడిపోయిన ఘడియను పిల్లలకు చెవులు పగిలేలా వినిపించే దేశాన్ని అదే చూడడం. ఆ రాత్రి నుంచే చదవడం మొదలుపెట్టింది. చదివినకొద్దీ నోరు తెరుచుకుని చూడడమే అయింది. ట్రాయ్ నుంచి డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లేలోపే అయిపోయేంత దేశం. వెనక్కి తగ్గడానికి చోటు లేదు, దాక్కోవడానికి అడవి లేదు. అయితేనేం, ఒక మామూలు రోడ్డు మీద దీపాల స్తంభాలు, బస్‌స్టాప్‌లు, నడిమి గట్టు పీకేసి కొన్ని రోజుల్లో దాన్ని యుద్ధవిమానాల రన్‌వేగా మార్చేస్తారు. పని కాగానే మళ్లీ బస్సులు తిరుగుతాయి. సొంత ఆకాశం చాలదని పైలట్లను ఐడహోకి, అరిజోనాకి పంపించి ఇక్కడి ఎడారుల మీద ఎగరడం నేర్పిస్తారు. పద్దెనిమిది నిండిన ప్రతి కుర్రాడూ రెండేళ్లు సైన్యంలో ఉండాలి. ఆ తర్వాత నలభై దాకా, పిలిచినప్పుడల్లా రావాలి. పిలుపు టీవీలో, సినిమా తెర మీద సంకేత పదాలుగా వస్తుంది. చూసినవాడు చూసినట్టే లేచి వెళ్తాడు. ఇంత చేసి ఆ సైన్యం స్వతంత్రం వచ్చాక ఒక్క యుద్ధమూ చేయలేదు. చేయకుండా ఉండడానికే ఇదంతా. ఆ దేశపు తొలి నాయకుడు తమ దేశాన్ని విషపు రొయ్యతో పోల్చాడు. సముద్రంలో అందరూ మింగేది రొయ్యనే. మింగితే తన ప్రాణం మీదికి వస్తుందని తెలిసినవాడు మింగడు. నరసాపురం దగ్గర ఫెబీ వాళ్ల నాన్నకు రొయ్యల చెరువులుండేవి. చిన్నప్పటి నుంచి రొయ్యల మధ్య పెరిగిన ఫెబీ, రొయ్య ఎదురు తిరగగలదన్న మాట చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చుంది.

కూర్చున్నది బాంబు షెల్టర్‌లో. అక్కడ కొత్త ఫ్లాట్లు అన్నింటిలో ఒక చిన్న గది ఉంటుంది, మందపాటి గోడలు, ఉక్కు తలుపు. జనం దాన్ని స్టోర్‌రూమ్‌గా వాడుకుంటారు. చాలా ఇళ్లలో పనిమనిషి పడుకునేది అందులోనే. బాంబుల గురించి అంత ఆలోచించినవాళ్లు ఆవిడ ఊపిరి గురించి ఆలోచించలేదు. ఫెబీ బియ్యం బస్తా పక్కన స్టూలు వేసుకుని అందులో కూర్చుని చదివి, అక్కడి యూనివర్సిటీలో ఎమ్మే చేసింది. తలుపేస్తే లోపలికి ఏ పిలుపూ వినపడదు. విమలకుమారి గరిటెతో తలుపు బాదేది. "బాంబుల గదిలో కూర్చుని బాంబుల గురించి చదువుతోంది మా కోడలు. బిడ్డకి పాలు పట్టే టైము మాత్రం తెలీదు," అని ఫోన్లో చుట్టాలకు చెప్పేది. కాలేబ్ నవ్వేవాడు. "నీకెందుకే యుద్ధాలు? బొద్దింకని చూస్తే కెవ్వుమంటావ్."

ఎదురు ఫ్లాట్‌లో ఒక ఎలక్ట్రీషియన్, అతని భార్య ఉండేవారు. ఒక ఆదివారం ఫెబీ వాళ్లింట్లో ఉండగా టీవీలో ఆ సంకేత పదాలు వచ్చాయి. అతను గిన్నెలో నూడుల్స్ అలాగే వదిలేసి లేచాడు. బూట్లు తొడుక్కునేలోపు భార్య సంచి తెచ్చి గుమ్మంలో పెట్టింది. సర్దలేదు, తెచ్చింది. ముందే సర్ది ఉంది. ఉతికి మడత పెట్టిన యూనిఫాం, మేజోళ్లు, మందులు. అతను వెళ్లిపోయాక ఆవిడ నూడుల్స్ మీద మూత పెట్టి, పిల్లవాడికి తినిపించి, మామగారికి స్నానానికి నీళ్లు పెట్టింది. సంచి ఎప్పుడు సర్దావని అడిగింది ఫెబీ. "పోయినసారి ఆయన తిరిగొచ్చి విప్పి పడేసిన రోజునే," అంది ఆవిడ. ఆయనకు పిలుపు ఎప్పుడో వస్తుంది. ఆమెకు పిలుపంటూ లేదు, విడుదలంటూ లేదు. సంపూర్ణ రక్షణ అని ఆ దేశం తన ప్రజల పనులన్నీ వరసపెట్టి చెప్పుకుంటుంది: సైన్యం, పౌరరక్షణ, ఆర్థికం, సమాజం, మనోబలం, ఇప్పుడు కొత్తగా డిజిటల్. ఆ వరసలో ఆ సంచి ఎక్కడా లేదు. ఫెబీ దాని మీదే రాసింది. రాసి, మానేసి, ట్రాయ్ వచ్చాక మళ్లీ తీసి రాసింది. కాలేబ్ డిలీట్ చేసిన స్లైడ్ అదే.

ట్రాయ్‌లో ఆమె కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులు చెప్తుంది. "తను కూడా ఏదో టీచ్ చేస్తుంది," అని కాలేబ్ పరిచయం చేస్తాడు. ఆమె వ్యాసం చదివి వాషింగ్టన్‌లో ఒక పరిశోధన సంస్థ, ఏడాది పాటు తమ దగ్గరికి వచ్చి దాన్ని పుస్తకంగా రాయమంది. సోమవారంలోగా అవునో కాదో చెప్పాలి. కూతురు కాలేజీ హాస్టల్‌కి వెళ్లి ఏడాదైంది. బుధవారం భోజనాల దగ్గర ఫెబీ ఈ మాట చెప్పింది. కాలేబ్ కంగ్రాట్స్ అన్నాడు. చారు పోసుకున్నాడు. "మరి అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు. విమలకుమారి కంచంలోంచి తలెత్తకుండానే, "మొగుణ్ణి ఏడాది పాటు వదిలేసి వెళ్లేంత రాచకార్యం ఏముంటుందమ్మా ఆడదానికి," అంది. శనివారం మీటింగ్ అయ్యాక మాట్లాడదామన్నాడు కాలేబ్. శనివారం పొద్దున అతను మాట్లాడింది ఫ్రిజ్ తలుపు పట్టుకుని. అంతే.

చర్చి హాలు అమెరికన్ల దగ్గర అద్దెకు తీసుకున్నది. హాలుకీ వంటగదికీ మధ్య గోడలో ఒక పెద్ద కిటికీ, అందులోంచి గిన్నెలు అందిస్తారు. ఫెబీ, ప్రిస్సిల్లా కిటికీకి ఇవతల ఉల్లిపాయలు తరుగుతున్నారు. ప్రిస్సిల్లా నర్సు. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చింది. విమలకుమారి మూల కుర్చీలో కూర్చుని, "పెరుగు పల్చగా చెయ్యకండి," అంటోంది.

"మా ఆయన ఎప్పుడూ ముందు వరసే," అంది ప్రిస్సిల్లా కిటికీలోంచి తొంగిచూసి. "అక్కడ ఆత్మీయంగా బలపడతాడు. ఇంటికొచ్చి సోఫా మీద పడతాడు. ఆ నిమ్మకాయలు ఇటివ్వక్కా."

హాల్లో కాలేబ్ చెప్తున్నాడు. బాగానే చెప్తున్నాడు. అతని గొంతు మంచిది. రోడ్డు రన్‌వే అయ్యే బొమ్మ వచ్చినప్పుడు మగవాళ్లంతా అబ్బ అన్నారు. ఫెబీ కత్తి ఆపి విన్నది. తన వాక్యాలు. తను రాసిన చోటే అతను ఆగుతున్నాడు. విషపు రొయ్య దగ్గర ఎవరో, "మన భీమవరం రొయ్యే!" అన్నారు. నవ్వులు.

ముందు కుర్చీలోంచి షాలేం రాజు గారు చెయ్యెత్తారు. ఆయన ఇండియన్ నేవీలో పనిచేసి రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. నవ్వడం తక్కువ. "అంత చిన్న దేశానికి మొదట్లో సైన్యమే లేదన్నావ్. మరి ఎవరు నేర్పారు బాబూ?"

"గుడ్ క్వశ్చన్ అంకుల్. ఒక్క నిమిషం, గొంతు ఆరిపోతోంది." కాలేబ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "నీళ్లు," అన్నాడు పైకి. లోగొంతుకతో, "ఎవరు?"

"ఇజ్రాయెల్ వాళ్లండీ. బయటికి పొక్కకూడదని మెక్సికన్లని చెప్పేవారు."

అతను వెళ్లి చెప్పాడు. ఇజ్రాయెల్ అనగానే హాలు హోరెత్తింది. స్తోత్రం, హల్లెలూయా. ఒకాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"స్తోత్రం ఆయనకి, ఉల్లిపాయలు నీకు," అంది ప్రిస్సిల్లా.

"మన ఇండియాని అడగలేదా?" అన్నారు షాలేం రాజు గారు. కాలేబ్ ఈసారి టీ కోసం వచ్చాడు.

"అడిగారు," అంది ఫెబీ కప్పు అందిస్తూ. "మనవాళ్లు శుభాకాంక్షలు పంపి ఊరుకున్నారు."

కాలేబ్ వెళ్లి చెప్పిన ఆ మాట విని షాలేం రాజు గారు, "పంపుతారు," అన్నారు. కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే. ఇంకొక్కటే. పిలుపు వస్తే గంటల్లో మగాళ్లంతా సైన్యంలోకి వెళ్లిపోతారన్నావ్. మరి వెనకాల కొంపలెట్టా నడుస్తాయి? ముసలాళ్లు, పిల్లలు, వంట? అన్నిటికీ ప్లానేసిన దేశం, దానికేం ప్లానేసింది?"

కాలేబ్ స్లైడ్స్ ముందుకీ వెనక్కీ తిప్పాడు. తర్వాత పేపర్ ప్లేట్ ఒకటి పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "చెప్పు."

"అది మీరు తీసేసిన స్లైడ్‌లో ఉందండీ."

"ఇప్పుడు ఆటలొద్దు ఫెబీ. అందరూ చూస్తున్నారు. చెప్పు."

ఫెబీ పెరుగులో ఉప్పు వేసింది. గరిటెతో కలిపింది. రుచి చూసింది. అతను ఖాళీ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ కిటికీ ఎప్పుడూ మూత పడలేదు. ఏ చొక్కా ఎక్కడుంది, బ్యాంకు పాస్‌వర్డ్ ఏంటి, మీ చెల్లెలి పెళ్లిరోజు ఎప్పుడు, ఇజ్రాయెల్ ఏం చేసింది. అడగడం అతని పని. అడిగాక తెలిసినవాడు అతనే. ఆమె అందులోంచి గిన్నెలు అందించినట్టే జవాబులు అందించింది.

"ఏంటయ్యా కాలేబ్," షాలేం రాజు గారి గొంతు ఖంగుమంది. "ప్రతి ప్రశ్నకీ వంటగది దగ్గరికెళ్తున్నావ్. జవాబులు అక్కడ ఉడుకుతున్నాయా? ఆ అమ్మాయినే పిలవరాదూ?"

కొందరు నవ్వి, నవ్వకూడదని తోచి ఆపేశారు. పాస్టర్ దైవాశీర్వాదం గారు లేచారు. మంచి మనిషి. ఎవరినీ నొప్పించకుండా అందరినీ ఉన్నచోటే ఉంచగలరు. "సహోదరి ఫెబీకి చాలా విషయాలు తెలుసు, సంతోషం. అయితే పురుషుల సహవాసంలో స్త్రీలు బోధ చెయ్యడం మన పద్ధతి కాదు. మీ అందరికీ తెలుసు. సాక్ష్యమైతే అభ్యంతరం లేదు."

"సాక్ష్యమే చెప్తానయ్యగారూ," అంది ఫెబీ.

చెయ్యి తుడుచుకుంది. బొటనవేలి మీద ముల్లు దిగినచోట ఇంకా సలుపుతోంది. సాక్ష్యం అంటే దేవుడు తన జీవితంలో చేసినదాన్ని మనిషి లేచి చెప్పడం. బోధకు ఎదురు ప్రశ్న ఉంటుంది, సాక్ష్యానికి ఉండదు. జబ్బు నయమైందని ఒకరు చెప్తారు, ఉద్యోగం దొరికిందని ఒకరు చెప్తారు, వీసా వచ్చిందని ఒకరు చెప్తారు. కాదనేవాడుండడు. చివర అందరూ ఆమేన్ అంటారు, పాస్టర్ గారు దాని మీద ప్రార్థన చేస్తారు. ప్రార్థన చేసిన దాన్ని ఆ సంఘంలో వెనక్కి తిప్పినవాళ్లు లేరు. ఈ సంగతి ఫెబీకి ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. సాక్ష్యం ఆ సింగపూర్ రోడ్డు లాంటిది. రోజూ దాని మీద బస్సులు తిరుగుతుంటే రోడ్డనే అనుకుంది. స్తంభాలు పీకేస్తే ఎంత పొడుగు రన్‌వేనో ఆ కిటికీ దగ్గర నుంచి హాల్లోకి నడిచే నాలుగు అడుగుల్లో చూసింది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు," అంది. "మేము సింగపూర్‌లో ఉన్నప్పుడు దేవుడు నాకు ఒక సంచి చూపించాడు."

ఎదురింటి ఆవిడ గురించి చెప్పింది. నూడుల్స్ మీద పెట్టిన మూత గురించి చెప్పింది. వారం వారం ఇంటికి వచ్చే యూనిఫాం మూటల గురించి, వాటిని ఉతికే తల్లుల గురించి, ఉక్కు తలుపు గదిలో పడుకునే పరాయి దేశపు పనిమనుషుల గురించి చెప్పింది. "ఆ సైన్యాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే అయ్యగారూ. మనం చిన్నవాళ్లం, మనల్ని ఎవరైనా మింగొచ్చని ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి. ఒప్పుకుని, ఏడవకుండా, యుద్ధం చెయ్యకుండా, మింగబోయేవాడు ఒక్క క్షణం ఆగేలా చేసుకున్నారు. వాళ్లు మర్చిపోయింది ఒక్కటే, రాజు గారు అడిగినది. దాని మీద నేను రాశాను. బాంబులు పడినా కదలని గదిలో కూర్చుని రాశాను. అది చదివి వాషింగ్టన్ నుంచి పిలుపొచ్చింది, ఏడాది పాటు రమ్మని. నేను ప్రార్థన చేశాను. తలుపు తీసినవాడు ప్రభువే. ఆగస్టులో వెళ్తున్నాను. మీ ప్రార్థనల్లో నన్ను జ్ఞాపకం చేసుకోండి. నా భర్తని, మా అత్తగారిని కూడా."

కాలేబ్ చేతిలో ప్లేటు వంగిపోయింది. అతను నోరు తెరిచాడు. ఏమని? ప్రభువు తీయలేదనా?

"ఇరవై ఏళ్లు ఓడల మీదున్నాను," అన్నారు షాలేం రాజు గారు, ఎవరి వైపూ చూడకుండా. "నా పెట్టె ఒక్కనాడు నేను సర్దుకున్న పాపాన పోలేదు. ఆమేన్."

వంటగదిలోంచి ప్రిస్సిల్లా గట్టిగా ఆమేన్ అంది. తర్వాత ఒకాయన, ఆ తర్వాత వరస. దైవాశీర్వాదం గారు చేతులెత్తి దీర్ఘంగా ప్రార్థన చేశారు. నీ కుమార్తె ప్రయాణాన్ని దీవించు ప్రభువా అన్నారు. ఇంతటి విశాల హృదయం గల భర్తను ఆమెకు అనుగ్రహించినందుకు స్తోత్రం అన్నారు. హాలంతా ఆమేన్ అంది. ఆ మాట అనవలసినంతసేపు కాలేబ్ పెదవులు కదిలాయి.

బిర్యానీ బాగుందన్నారు అందరూ. ఫెబీ వడ్డించింది. ఎప్పటికన్నా శ్రద్ధగా వడ్డించింది.

ఇంటికి వెళ్లే కార్‌లో కాలేబ్ డ్రైవ్ చేస్తున్నాడు. వెనక సీట్లో విమలకుమారి, ఆవిడ పక్కన ఖాళీ గిన్నెలు. పార్కింగ్‌లోంచి బయటికి రాకముందే ఫెబీ ఫోన్ తీసి వాషింగ్టన్‌కి రెండు లైన్లు రాసి పంపేసింది. పొలైట్‌గా. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నెలనెలా మొదటి శనివారం మోగే టోర్నడో సైరన్ మొదలైంది. పరీక్షకే మోగిస్తారని అందరికీ తెలుసు. కాలేబ్ మాత్రం స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

సైరన్ ఆగింది.

"అమ్మ బీపీ టాబ్లెట్," అన్నాడు రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, "మార్నింగా, నైటా?"

ఆమెకు తెలుసు. రంగు తెలుసు, పేరు తెలుసు, ఏ డబ్బాలో ఏ వరసలో ఉంటుందో తెలుసు.

"అత్తయ్యనే అడగండి," అంది.

కాలేబ్ అద్దంలోంచి వెనక్కి చూసి, "టాబ్లెట్ ఎప్పుడమ్మా?" అన్నాడు. వెనక సీట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి.

"రాత్రి," అంది విమలకుమారి. "నువ్వు నన్ను ఒక మాట అడగడం ఇదే మొదలురా."